అరికాలు చేరని కండరం: వెసాలియస్ కథ

మోకాలి వెనక గుంటలో, తొడ ఎముక కింది చివర బయటి అంచున ఒక చిన్న కండరం పుడుతుంది. పేరు ప్లాంటారిస్. కండ ఉన్నది మూడు నాలుగు అంగుళాలే, చూపుడు వేలంత. ఆ తరవాతంతా సన్నటి తెల్లటి టెండన్. పిక్కలో పైన గ్యాస్ట్రాక్నీమియస్, దాని అడుగున సోలియస్ అని రెండు పెద్ద కండరాలు ఉన్నాయి గదా, ఈ టెండన్ ఆ రెంటి మధ్యనుంచి ఏటవాలుగా లోపలి వైపుకి జారి, అకిలిస్ టెండన్ పక్కనే దిగి, మడమ ఎముక దగ్గర ఆగిపోతుంది. పొడుగు సుమారు 30 సెంటీమీటర్లు. శరీరం మొత్తంలో ఇంత పొడుగు టెండన్ మరొకటి లేదంటారు.

ఇంత పొడుగున్నా దీనికి పనేమిటయ్యా అంటే చెప్పుకోదగ్గదేమీ కనపడదు. మోకాలు మడవటంలో కొంచెం, పాదం కిందికి వంచటంలో కొంచెం సాయపడుతుంది. పక్కనున్న రెండు దిగ్గజాల బలం ముందు దీని లాగుడు లెక్కలోకి రాదు. నూటికి 7 నుంచి 10 మందిలో ఈ కండరం అసలు ఉండదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లేనివాళ్ళు లేనట్టు కూడా ఎరగరు. నడుస్తారు, పరుగెత్తుతారు, మెట్లెక్కుతారు. అందుకే ఇంకెక్కడైనా, ముఖ్యంగా చేతిలో, టెండన్ తెగి అతుకు వెయ్యాల్సి వస్తే సర్జన్లు దీన్ని తీసి వాడుకుంటారు. ఇంగ్లీషు వైద్య విద్యార్థులు దీనికి ఫ్రెష్‌మన్ నెర్వ్ అని ముద్దుపేరు పెట్టారు. సన్నగా తెల్లగా ఉండేసరికి మొదటి సంవత్సరం కుర్రాళ్ళు నరం అనుకుని, నరం దొరికిందని సంబరపడతారన్నమాట. తెలుసుకునే ఉపాయం తేలిక. పైకి పట్టుకుపోతే కండలో కలిసేది టెండన్, దోవలో కొమ్మలు వేసేది నరం.

మరి దీని పేరేమిటి? లాటిన్‌లో ప్లాంటా అంటే అరికాలు. ప్లాంటారిస్ అంటే అరికాలిది. ఆ అరికాలి కండరం మనలో అరికాలు దాకా పోనేపోదు, మడమ దగ్గరే ఆగుతుంది. ఇదే కండరాన్ని మకాక్ జాతి కోతిలో చూడండి. బాగా బలిసి ఉంటుంది, టెండన్ మడమ చుట్టూ తిరిగి అరికాల్లోకి దిగి అక్కడి గట్టి పొరలో కలిసిపోతుంది. కొమ్మని పాదంతో పట్టుకునే జంతువుకి ఆ లాగుడు పనికొస్తుంది. అంటే కోతి కాలు కోసి మనిషి కాలు గురించి పుస్తకం రాసేవాడు ఈ పిక్క దగ్గర తప్పులో కాలేసి తీరాలి.

అలా కోతి శరీరం చూసి రాసిన పుస్తకాన్ని మనిషి శరీరానికి ప్రమాణంగా పెట్టుకుని యూరపు దాదాపు 1300 ఏళ్ళు చదివింది. ఆ సంగతి బయటపెట్టిన మనిషి ఆండ్రియాస్ వెసాలియస్. ఆయన దిద్దిన తప్పుల జాబితాలో మామూలుగా దవడ ఎముక, రొమ్ము ఎముక, గుండె గోడ వస్తాయి. ఈ పిక్క కండరం పేరు ఎవరూ ఎత్తరు. కాని ఆయన జన్మంతా పోరాడిన విషయం మన వేళ్ళకి తగిలేట్టు తెలియాలంటే ఇంతకన్నా మంచి సాక్షి దొరకదని నాకనిపిస్తుంది.

వెసాలియస్ 1514 డిసెంబరు 31న బ్రస్సెల్స్‌లో పుట్టాడు. తండ్రి చక్రవర్తి అయిదో చార్లెస్ కొలువులో మందులు తయారుచేసే ఉద్యోగి. తాత, ముత్తాతలు వైద్యులు. ఇంటినిండా వైద్య గ్రంథాలు. కుర్రవాడు చిన్నప్పుడే ఎలకల్నీ కుక్కల్నీ పిల్లుల్నీ కోసి చూసేవాడట. లూవెన్‌లో లాటిను, గ్రీకు చదివి, 1533లో వైద్యం కోసం పారిస్ చేరాడు.

ఆ రోజుల్లో శరీర నిర్మాణం పాఠం ఎట్లా జరిగేదో తెలిస్తేగాని ఆయన చేసిన పని ఎంతటిదో అర్థం కాదు. ప్రొఫెసరుగారు ఎత్తయిన పీఠం మీద కూచుని గేలెన్ గ్రంథం చదివేవాడు. కింద బల్ల మీద శవం. కోసేది మంగలి వృత్తిలో ఉన్న శస్త్రకారుడు. అతనికి లాటిన్ రాదు. పుల్ల పుచ్చుకుని ఇదిగో ఇది, అదిగో అది అని చూపించేవాడు మరొకడు. చదివేవాడు ముట్టుకోడు, ముట్టుకునేవాడు చదవలేడు. పుస్తకంలో ఉన్నది శవంలో కనపడకపోతే తప్పు శవానిదే అయ్యేది!

ఆ గేలెన్ సామాన్యుడు కాడు, తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. క్రీ.శ. 129లో పెర్గమమ్‌లో పుట్టాడు, మల్లయోధులకి వైద్యం చేశాడు, తరవాత రోమ్‌లో చక్రవర్తుల వైద్యుడయ్యాడు. నరం కోస్తే గొంతు పడిపోతుందని జంతువుల్లో ప్రయోగం చేసి చూపించినవాడు. కాని రోములో మనిషి శవాన్ని కొయ్యనిచ్చేవారు కాదు. అందుకని మనిషికి దగ్గరగా ఉందని ఉత్తరాఫ్రికా బార్బరీ కోతిని కోశాడు. పందుల్నీ పశువుల్నీ కోశాడు. వెనకటి తరాలవాళ్ళు ఆ సంగతి మరిచిపోయి అంతా మనిషిదే అనుకున్నారు.

పారిస్‌లో వెసాలియస్ గురువులు సిల్వియస్, గుంటర్. ఇద్దరూ గొప్ప పండితులే, ఇద్దరూ గేలెన్‌కి పరమ భక్తులే. శవాలు దొరకటమే తక్కువ, దొరికినా మూడు రోజుల్లో తూతూమంత్రంగా ముగించేవారు. మన కుర్రవాడు శ్మశానాల వెంట, ఉరికంబాల వెంట తిరిగాడు. అక్కడ పోగుపడ్డ ఎముకల్ని గంటల తరబడి చూసేవాడు. స్నేహితులతో పందెం కాసి, కళ్ళకి గంతలు కట్టించుకుని, చేతికిచ్చిన ఎముక ఏదో తడిమి చెప్పేవాడు. కళ్ళు మూసుకుని చేతిలో ఎముక కుడిదో ఎడమదో చెప్పటం ఎంత కష్టమో వైవాకి నిలబడ్డవాళ్ళని అడగండి.

1536లో ఫ్రాన్సుకీ చక్రవర్తికీ యుద్ధం వచ్చి, చదువు పూర్తి కాకుండానే లూవెన్‌కి తిరిగొచ్చాడు. అక్కడ ఊరి బయట ఉరికంబం మీద పక్షులు తిని ఎముకలు మిగిల్చిన శవం ఒకటి కనపడింది. స్నేహితుడు గెమ్మా ఫ్రీసియస్ సాయంతో పైకెక్కి ముందు కాళ్ళూ చేతులూ తెచ్చుకున్నాడు. మిగిలిన మొండెం కోసం రాత్రి ఊరి తలుపులు మూసేదాకా బయటే ఉండి, చీకట్లో గొలుసు నుంచి విడిపించి దాచి, మెల్లగా ఇంటికి చేరవేశాడు. అస్థిపంజరం కట్టి, పారిస్ నుంచి తెచ్చానని అందరికీ చెప్పాడు. ఈ సంగతులన్నీ తరవాత తన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు, ఏ దాపరికం లేకుండా.

అక్కణ్ణించి ఇటలీ. 1537 డిసెంబరులో పాడువా విశ్వవిద్యాలయం ఆయనకి డాక్టరు పట్టా ఇచ్చింది, ఆ మర్నాడే శస్త్రవైద్యం, శరీర నిర్మాణం బోధించే ఉద్యోగమూ ఇచ్చింది. వయస్సు ఇంకా 23 నిండలేదు. ఆయన చేసిన మొదటి పని పీఠం దిగటం. కోసేవాణ్ణీ చూపించేవాణ్ణీ పక్కకి తప్పించి, కత్తి తన చేతిలోకి తీసుకున్నాడు. ఎముకలు, రక్తనాళాల బొమ్మలు పెద్దవి గీసి శవం పక్కన పెట్టుకునేవాడు. విద్యార్థులు వాటికోసం ఎగబడటంతో 1538లో ఆరు పటాలుగా అచ్చువేశాడు. తమాషా ఏమిటంటే, ఆ పటాల్లో ఆయనా గేలెన్‌నే అనుసరించాడు. అయిదు తమ్మెల కాలేయం గీశాడు. మనిషి మెదడు అడుగున లేనే లేని రక్తనాళాల వల కూడా గీశాడు. కళ్ళెదుట శవం ఉన్నా కంటిని నమ్మటానికి అంత తొందరగా ధైర్యం చాలదు.

ఆ ధైర్యం శవాలు చాలినన్ని దొరికాక వచ్చింది. 1539లో పాడువా న్యాయాధికారి కాంటరీని మరణశిక్ష పడ్డవాళ్ళ దేహాలు ఆయనకి ఇప్పించే ఏర్పాటు చేశాడు. డిసెక్షన్‌కి వీలుగా శిక్ష అమలు తేదీలు కూడా జరిపేవారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ బల్ల మీద పడుకున్నవాళ్ళని ఎవరూ అడగలేదు. శిష్యులు సమాధులు తవ్విన సందర్భాలున్నాయి. ఒక స్త్రీ శవాన్ని దొంగిలించి, బంధువులు గుర్తుపట్టకుండా ఒంటిమీది చర్మమంతా ఒలిచేశారని ఆయనే రాశాడు. ఆయన ఘనతతో పాటు ఇదీ చెప్పుకోవాలి. ఇవాళ దేహదానానికి ముందుగానే సంతకం పెట్టి మనకోసం బల్ల మీదికి వచ్చిన పెద్దలున్నారు. మొదటి రోజు వాళ్ళకి దణ్ణం పెట్టి కత్తి పట్టటం తెలిసిన కుర్రాళ్ళూ ఉన్నారు. వెసాలియస్ శవాలకి ఆ పాటి మర్యాద దక్కలేదు.

1540 జనవరిలో బొలోనా విద్యార్థులు ఆయన్ని పిలిపించుకున్నారు. ముసలి ప్రొఫెసరు కుర్టియస్ గేలెన్ ప్రకారం ఉపన్యాసం ఇవ్వటం, వెసాలియస్ శవం మీద చూపించటం. ఇద్దరికీ అందరి ఎదుటే వాదాలు జరిగాయి. అప్పుడు హాజరయిన విద్యార్థి ఒకడు రాసుకున్న నోట్సు ఇప్పటికీ ఉంది గనక ఇదంతా మనకి తెలిసింది. అక్కడే వెసాలియస్ రెండు అస్థిపంజరాలు కట్టాడు, ఒకటి మనిషిది, ఒకటి కోతిది. పక్కపక్కన నిలబెట్టి చూస్తే, నడుం పూసల మీద గేలెన్ వర్ణించిన ఒక చిన్న ముల్లు కోతి పూసల్లో ఉంది, మనిషి పూసల్లో లేదు. ఒక్కసారిగా అంతా విడిపోయింది. గేలెన్ అబద్ధం రాయలేదు. కోతిని చూసి కోతి గురించి నిజమే రాశాడు. చదివినవాళ్ళు దాన్ని మనిషికి తగిలించారు. మన ప్లాంటారిస్ సంగతీ ఇంతే గదా.

ఆ తరవాత మూడేళ్ళూ ఆయన నిద్రపోయాడో లేదో. డి హ్యుమాని కార్పొరిస్ ఫాబ్రికా అనే ఏడు భాగాల మహాగ్రంథం రాశాడు. మొదటి భాగం ఎముకలు, రెండోది కండరాలు. బొమ్మలకోసం మంచి చిత్రకారుల్ని పెట్టుకుని, దగ్గర కూచుని గీయించాడు. కొయ్య మీద చెక్కించిన ఆ దిమ్మల్ని ఆల్ప్స్ పర్వతాలు దాటించి స్విట్జర్లండులోని బాసెల్‌కి పంపి, ఒపొరినస్ అనే అచ్చుదారు చేత 1543లో అచ్చువేయించాడు. అచ్చు పని దగ్గరుండి చూడటానికి తనూ బాసెల్ వెళ్ళాడు. అక్కడున్నప్పుడు కోసిన ఒక నేరస్థుడి అస్థిపంజరం కట్టి ఆ ఊరి విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. ఆ అస్థిపంజరం బాసెల్ మ్యూజియంలో ఉంది. పుస్తకం వచ్చేనాటికి ఆయనకి 28 ఏళ్ళు. కోపర్నికస్ గ్రంథం అచ్చయింది కూడా ఆ ఏడే.

ఫాబ్రికాలో కండరాల మనుషుల బొమ్మలు ఎక్కడైనా దొరికితే తప్పకుండా చూడండి. చర్మం లేని మనిషి కొండలూ ఊళ్ళూ కనపడే మైదానంలో నిలబడి ఉంటాడు. పటం వెంట పటం ఒక్కొక్క పొర ఊడుతుంది. కండరాలు ఒక కొస ఊడి కిందికి వేలాడతాయి, అడుగున ఉన్నవి బయటపడతాయి. డిసెక్షన్ చేసేటప్పుడు మనం చేసేది అచ్చం అదే. గ్యాస్ట్రాక్నీమియస్ తలలు కోసి కిందికి మడిచేస్తే, సోలియస్ మీద పరుచుకుని మన సన్నటి ప్లాంటారిస్ కనపడుతుంది. తొందరపడి కోసినవాడికి అదికూడా గ్యాస్ట్రాక్నీమియస్‌తోపాటే పోతుంది. పుస్తకం ముఖచిత్రంలో కిక్కిరిసిన జనం మధ్య వెసాలియస్ తనే చెయ్యిపెట్టి ఒక స్త్రీ శవాన్ని కోసి చూపిస్తుంటాడు. కింద ఓ మూల ఒక కోతి, ఇంకో మూల ఒక కుక్క. వాటిని ఊరికే పెట్టించాడని నేననుకోను.

కింది దవడ రెండు ఎముకలని గేలెన్ అంటే మనిషిలో ఒకటే అని చూపాడు. రొమ్ము ఎముకలో ఏడు ముక్కలు కాదు, మూడే అన్నాడు. మగవాడికి ఒక పక్కటెముక తక్కువన్న నమ్మకం ఉత్తిదన్నాడు. మెదడు అడుగున ఆ వల మనిషిలో లేదని, తన పాత పటాన్ని తనే కొట్టేశాడు. ఆయన పుస్తకంలోనూ తప్పులున్నాయి లెండి. మూత్రపిండం బొమ్మ కుక్కది, కంటి కటకాన్ని గుడ్డు నడిమధ్యలో గీశాడు.

పుస్తకం చూసి పారిస్ గురువు సిల్వియస్ మండిపడ్డాడు. గేలెన్ కాలం తరవాత మనిషి శరీరమే మారిపోయి ఉంటుందిగాని గేలెన్ తప్పు రాయడని ఆయన వాదం. 1551లో శిష్యుణ్ణి తిడుతూ ఒక పుస్తకమే అచ్చువేశాడు. లాటిన్‌లో పిచ్చివాడు అనే అర్థం వచ్చేట్టు వెసాలియస్ పేరుని మార్చి, దాన్నే పుస్తకం పేరులో పెట్టాడు. తను ఎవరి దగ్గర ఎముకలు నేర్చుకున్నాడో ఆ గురువే అలా అంటే ఎట్లా ఉంటుంది? కాని ఆ పుస్తకం రాకముందే వెసాలియస్ విసిగిపోయాడు. పాడువా వదిలేటప్పుడు, గేలెన్ మీద రాసుకున్న వ్యాఖ్యల్నీ నోట్సునూ చాలా వరకు తగలబెట్టేశాడు. ఆ తరవాత దానికి తనే విచారించాడు.

1544లో చక్రవర్తి చార్లెస్ కొలువులో వైద్యుడిగా చేరాడు. అదే ఏడు పెళ్ళి, మరుసటి ఏడు కూతురు. యుద్ధాల వెంట తిరిగి గాయాలు కట్టాడు, చక్రవర్తి కీళ్ళనొప్పులకి మందులిచ్చాడు. ముప్పయ్యేళ్ళు నిండకుండా ప్రపంచంలో కెల్లా గొప్ప శరీరశాస్త్రజ్ఞుడు ఉద్యోగంలో పడిపోయాడని కొందరు చరిత్రకారులు నొచ్చుకుంటారు. ఆ ఇంట్లో మూడు తరాలుగా చేస్తున్నది ఆ కొలువే గనక నాకు అంత ఆశ్చర్యంగా లేదు. పైగా పుస్తకాన్ని మాత్రం వదల్లేదు. 1555లో దిద్ది రెండోసారి అచ్చువేయించాడు. గుండె రెండు గదుల మధ్య గోడకి రంధ్రాలు కనపడటం లేదని మొదటిసారి నసిగినవాడు, రెండోసారి మరింత గట్టిగా అన్నాడు.

చార్లెస్ గద్దె దిగాక కొడుకు రెండో ఫిలిప్ కొలువు. 1559లో ఫ్రెంచి రాజు రెండో హెన్రీకి ఈటె పోటీలో కన్ను మీదుగా దెబ్బ తగిలితే బ్రస్సెల్స్ నుంచి వెసాలియస్‌ని పంపారు, రాజు దక్కలేదు. అదే ఏడు స్పెయిన్ వెళ్ళాడు. 1562లో రాకుమారుడు డాన్ కార్లోస్ మెట్ల మీదనుంచి పడి తల పగిలితే అక్కడి వైద్యుల మధ్య ఈయనా ఒకడయ్యాడు. చనిపోయిన ఒక సాధువు దేహాన్ని తెచ్చి రోగి పక్కన పెట్టారు. కుర్రవాడు బతికాడు, ఖ్యాతి సాధువుకి దక్కింది. పాడువాలో తన పీఠంలో ఉన్న ఫెలోపియో 1561లో ఫాబ్రికాలోని తప్పుల్ని మర్యాదగా ఎత్తి చూపుతూ ఒక పుస్తకం రాశాడు. అది చేతికి రాగానే వెసాలియస్ ఆత్రంగా జవాబు రాశాడు. మాడ్రిడ్‌లో తనకి చూసుకోటానికి ఒక్క పుర్రె కూడా దొరకటం లేదని ఆ జవాబులో వాపోయాడు. ఉరికంబం ఎక్కి ఎముకలు తెచ్చుకున్న మనిషి ఆయన!

1564లో యాత్రకని జెరూసలేం బయలుదేరాడు. ఎందుకు వెళ్ళాడన్నదాని మీద బతికున్న మనిషి గుండె కోశాడని, అందుకు శిక్షగా పంపారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇప్పటి చరిత్రకారులు దాన్ని నమ్మరు. తిరుగు ప్రయాణంలో ఓడ కష్టాల్లో పడి, అక్టోబరులో గ్రీకు ద్వీపం జాకింథోస్ చేరి అక్కడే కన్నుమూశాడు. యాభై నిండలేదు.

ఫాబ్రికా బొమ్మల కొయ్య దిమ్మలు నాలుగు వందల ఏళ్ళు నిలిచాయి. 1934లో వాటితో మళ్ళీ అచ్చువేశారు కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్ మీద పడ్డ బాంబులకి కాలిపోయాయి. ఈ శతాబ్దంలో 1555 ముద్రణ ప్రతి ఒకటి బయటపడింది. అంచుల నిండా లాటిన్‌లో దిద్దుబాట్లు, మాటల మార్పులు, బొమ్మల మీద అక్షరాల సవరణలు. ఆ చేతిరాత వెసాలియస్‌దేనని నిపుణులు తేల్చారు. మూడో ముద్రణ కోసం చేసుకున్నవవి. అది ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 2024లో న్యూయార్కు వేలంలో ఆ ప్రతిని లూవెన్ విశ్వవిద్యాలయం కొనుక్కుని, చీకట్లో ఆయన మొండెం మోసుకొచ్చిన ఊరికి తెచ్చుకుంది.